‘ఫ్లించ్’ అనే ఇంగ్లీషు క్రియ: అర్థాలు, ప్రయోగం, తెలుగు చేసే పద్ధతి

కర్నూలు, అనంతపురం, కడప వంటి ఊళ్ళలో బ్యాంకు కొలువులకూ గ్రూప్స్ పరీక్షలకూ చదువుకుంటున్నవారిలో చాలామంది తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారే. వారిని ఇంగ్లీషు వ్యాకరణం కంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి, నిఘంటువులో అర్థం తేలికగా దొరికినా వాక్యంలోకి వచ్చేసరికి ఆ అర్థం అతకని మాటలు. ‘ఫ్లించ్’ అటువంటి మాట. నిఘంటువు తెరిస్తే ఉలికిపడు, ముడుచుకొను, జంకు, వెనుకాడు, చలించు అని వరసగా కనిపిస్తాయి. వీటిలో తప్పు అనదగినది ఒక్కటీ లేదు. కాని ఏదైనా ఒక వాక్యాన్ని చేతిలోకి తీసుకుంటే ఈ ఐదింటిలో దానికి సరిపడేది సాధారణంగా ఒక్కటే ఉంటుంది. ఆ ఒక్కదాన్ని ఎంచుకునే పద్ధతినీ, తెలుగులో ఆలోచించిన విషయాన్ని ఈ క్రియతో ఇంగ్లీషులో తప్పు లేకుండా చెప్పే పద్ధతినీ ఒక్కొక్క మెట్టుగా ఇక్కడ వివరిస్తున్నాను. పలుకుబడి కూడా వెంటనే పట్టుబడాలన్న ఉద్దేశంతో ఇంగ్లీషు వాక్యాలను తెలుగు లిపిలోనే ఇచ్చాను.

మొదటి మెట్టు: ఉచ్చారణ, రూపాలు

ఈ మాటకు అక్షరాలు ఆరు: ఎఫ్, ఎల్, ఐ, ఎన్, సి, హెచ్. పలికేటప్పుడు మాత్రం అది ఒకే ఊపులో ముగియాలి. ‘ఇంచ్’, ‘పించ్’ అనే మాటలతో దీనికి ప్రాస కుదురుతుంది. హల్లుతో ముగిసే మాటలు మన నోటికి అలవాటు తక్కువ కనుక చివర ఇకారం చేర్చి ‘ఫ్లించి’ అనడం, మొదటి జంట హల్లును విడదీసి ‘ఫిలించ్’ అనడం వినిపిస్తుంటాయి, రెండూ మానుకోవాలి. భూతకాలంలో రాతకు ‘ఇ, డి’ అక్షరాలు చేరినా నోట పలికేది ‘ట్’ మాత్రమే: ‘ఫ్లించ్‌ట్’. దాన్ని ‘ఫ్లించెడ్’ అని రెండు ముక్కలు చేయరాదు. ‘హి’, ‘షి’ వంటి కర్తల వెంట వర్తమానంలో వచ్చే రూపం ‘ఫ్లించిజ్’. ఇందులో మాత్రం రెండు ముక్కలు ఉంటాయి. ‘ఎ ఫ్లించ్’ అని నామవాచకంగా వాడితే ఒక్కసారి కలిగిన ఉలికిపాటు అని అర్థం.

రెండవ మెట్టు: శరీరం చేసే పనిగా అర్థం చేసుకోవడం

ఈ క్రియకు మూలమైన అర్థం శరీరానికి సంబంధించినది. నొప్పి కలుగుతుందనిపించినప్పుడో, భయమో ఆశ్చర్యమో హఠాత్తుగా కలిగినప్పుడో మనిషి తన ప్రమేయం లేకుండా, రెప్పపాటులో, కొద్దిగా కదలడమే ‘ఫ్లించ్’. ఇందులో మూడు లక్షణాలు కలిసి ఉండాలి. కదలిక చిన్నదై ఉండాలి: తల పక్కకు వాలడం, భుజాలు పైకి ముడుచుకోవడం, కళ్ళు మూసుకుపోవడం, చెయ్యి వెనక్కి రావడం వంటివి. అది క్షణికమై ఉండాలి. లేచి పరుగెత్తితే ‘ఫ్లించ్’ కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, అది అనుకుని చేసినది కాకూడదు. పెద్ద శబ్దం చెవిన పడిన తర్వాత సుమారు 50 మిల్లీసెకన్లలోపే కంటి చుట్టూ ఉన్న కండరం బిగుసుకోవడం మొదలవుతుంది. అంత తక్కువ వ్యవధిలో ఆలోచనకు తావు లేదు. అందువల్ల ‘హి ఫ్లించ్‌ట్’ అన్నంత మాత్రాన ఆ మనిషి పిరికివాడని అర్థం రాదు. దాన్ని ‘పిరికితనం చూపాడు’ అని తెలుగు చేయడం మన విద్యార్థుల అనువాదాల్లో కనిపించే పెద్ద పొరపాటు. ధైర్యవంతుడి శరీరం కూడా దెబ్బకు ముందు ముడుచుకుంటుంది.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల నాపరాయి గనుల్లో కొత్తగా పనికి చేరిన కుర్రవాణ్ణి తలచుకోండి. పక్కవాడి సుత్తి రాతి మీద పడిన ప్రతిసారీ అతని రెప్పలు వాలిపోతాయి, మెడ ఇంత లోపలికి పోతుంది. పదేళ్ళుగా అదే పని చేస్తున్న మేస్త్రికి ఆ కదలిక ఉండదు. మొదటివాని గురించి ‘హి ఫ్లించ్‌ట్ ఎవ్రీ టైమ్ ది హ్యామర్ కేమ్ డౌన్’ అనవచ్చు. రెండవవాని గురించి ‘ది మేసన్ డిడ్ నాట్ ఈవెన్ ఫ్లించ్’ అనవచ్చు. మొదటి వాక్యాన్ని ‘సుత్తి పడిన ప్రతిసారీ ఉలిక్కిపడ్డాడు’ అని, రెండవదాన్ని ‘మేస్త్రి రెప్ప కూడా వాల్చలేదు’ అని తెలుగు చేస్తే చక్కగా ఉంటుంది. ఇక్కడ ‘జంకాడు’, ‘వెనుకాడాడు’ అంటే పని మానుకోబోయాడనే అర్థం వచ్చి వాక్యం పాడవుతుంది.

మన సీమ పలుకుబడిలో ఉన్న ‘జడుసుకున్నాడు’ అనే మాటను కూడా ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. రాత్రి ఏదో చూసి పిల్లవాడు జడుసుకున్నాడంటే ఆ భయం కొంతకాలం వాడిని అంటిపెట్టుకుని ఉంటుంది. జడుసుకుని జ్వరం తెచ్చుకున్నాడనీ అంటాం. ‘ఫ్లించ్’ అంతసేపు నిలవదు. కనుక జడుసుకోవడానికి ఇంగ్లీషులో ఈ క్రియ పనికిరాదు.

ఈ శారీరకార్థంలో ఇంగ్లీషు రచయితలకు ప్రీతిపాత్రమైన ప్రయోగం ఒకటి ఉంది. దాన్ని గుర్తించకపోతే పరీక్షలో ఇచ్చే గద్యభాగం అర్థమైనట్టే ఉండి, దాని కింది ప్రశ్న మాత్రం తప్పిపోతుంది. ‘ది టీచర్ రెయిజ్డ్ హిజ్ హ్యాండ్ టు పాయింట్ ఎట్ ది బోర్డ్, అండ్ ది బాయ్ ఫ్లించ్‌ట్’ అన్న వాక్యాన్ని చూడండి. ఉపాధ్యాయుడు ఎవరినీ కొట్టలేదు. బోర్డు వైపు చూపడానికి చెయ్యి ఎత్తాడు. పిల్లవాడు మాత్రం ముడుచుకుపోయాడు. అంటే, చెయ్యి ఎత్తడం దెబ్బకు ముందు జరిగే పని అని ఆ పిల్లవాడి శరీరం ఎక్కడో నేర్చుకుని ఉన్నది. రచయిత అతని ఇంటిని గురించి ఒక్క మాట కూడా చెప్పకుండా, ఒక్క క్రియతో అతని గతమంతా చెప్పాడు. ఇటువంటి గద్యభాగం కింద ‘దీనివల్ల బాలుని గురించి ఏమి తెలుస్తున్నది?’ అన్న ప్రశ్న వస్తే, ‘అతడు పిరికివాడు’ అనే జవాబు తప్పు, ‘అతడు దెబ్బలకు అలవాటుపడినవాడు కావచ్చు’ అనే జవాబు ఒప్పు. తెలుగులోకి తెచ్చేటప్పుడు కూడా ‘భయపడ్డాడు’ అని సరిపెట్టకుండా ‘అయ్యవారు బోర్డు వైపు చెయ్యి ఎత్తగానే పిల్లవాడు మెడ ముడుచుకున్నాడు’ అని శరీరాన్ని చూపితేనే ఆ మాట బరువు నిలుస్తుంది. నా అభిప్రాయంలో ‘ఫ్లించ్’ను తెలుగు చేయడంలో పాటించవలసిన ప్రధాన సూత్రం ఇదే: శారీరకార్థంలో వచ్చినప్పుడు భావాన్ని చెప్పే క్రియకు బదులు ఏ అవయవం కదిలిందో చెప్పే క్రియను వెతకాలి.

మూడవ మెట్టు: వెంట వచ్చే చిన్న మాటలు

‘ఫ్లించ్’ అకర్మక క్రియ. కర్మను ఇది భరించదు. ‘చేతిని వెనక్కి లాక్కున్నాడు’ అనే తెలుగు వాక్యాన్ని మనసులో పెట్టుకుని ‘హి ఫ్లించ్‌ట్ హిజ్ హ్యాండ్’ అని రాయడం తప్పు. ‘హి ఫ్లించ్‌ట్ అండ్ పుల్డ్ హిజ్ హ్యాండ్ బ్యాక్’ అని రెండు క్రియలుగా విడదీయాలి. అకర్మకం కనుక దీనికి కర్మణి ప్రయోగమూ లేదు.

ఉలికిపాటుకు కారణాన్ని చెప్పవలసివస్తే సాధారణంగా ‘ఎట్’ వాడతారు: ‘షి ఫ్లించ్‌ట్ ఎట్ ది సౌండ్’, ‘హి ఫ్లించ్‌ట్ ఎట్ హర్ టచ్’, ‘దే ఫ్లించ్‌ట్ ఎట్ ది మెన్షన్ ఆఫ్ హిజ్ నేమ్’. దేని నుంచి తప్పుకున్నారో చెప్పవలసివస్తే ‘ఫ్రమ్’ రావాలి: ‘ది బుల్లక్ ఫ్లించ్‌ట్ ఫ్రమ్ ది విప్’. బండలాగుడు పందెంలో చర్నాకోల పైకి లేవగానే ఎద్దు వీపు ముడుచుకుని పక్కకు ఒరగడం చూసినవారికి ఈ వాక్యంలో ‘ఫ్రమ్’ ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. ‘వెన్’తో మొదలయ్యే ఉపవాక్యం ఎప్పుడైనా చేర్చుకోవచ్చు; విభక్తి విషయంలో అనుమానం ఉన్నవారికి అదే అన్నిటికంటే క్షేమకరమైన దారి.

తెలుగువారికి అసలు చిక్కు వచ్చేది క్రియను మనసుకు అన్వయించినప్పుడు. మనం ‘నిజం చెప్పడానికి వెనుకాడాడు’, ‘అడగడానికి జంకాడు’ అంటాం. ఈ ‘డానికి’ని ఇంగ్లీషులో ‘టు’గా మార్చి ‘హి ఫ్లించ్‌ట్ టు టెల్ ది ట్రూత్’ అని రాస్తాం. అది తప్పు. ‘హి ఫ్లించ్‌ట్ ఫ్రమ్ టెల్లింగ్ ది ట్రూత్’ అనాలి; అంటే ‘ఫ్రమ్’ వెంట ‘ఇంగ్’ రూపం రావాలి. ‘హెజిటేట్’ అనే క్రియకు ‘టు’ చెల్లుతుంది కనుక ఆ అలవాటు ఇక్కడికి కూడా పాకుతుంది. ఈ ‘ఫ్రమ్’ ఊరకే వచ్చినది కాదు. 16వ శతాబ్దంలో ఇంగ్లీషులో కనిపించడం మొదలైన ఈ మాట పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం ‘పక్కకు తిరుగు, తప్పుకొను’. తప్పుకోవడం ఎప్పుడూ దేని నుంచో కావాలి. ఆ పాత అర్థాన్ని గుర్తుపెట్టుకుంటే ‘ఫ్రమ్’ను వేరే బట్టీ పట్టవలసిన పని ఉండదు.

నాలుగవ మెట్టు: మనసుకు అన్వయించినప్పుడు

కష్టమైన, అప్రియమైన, ప్రమాదకరమైన పనిని చూసి తప్పుకోజూడడం ఈ క్రియకు రెండవ అర్థం. ఇక్కడ కదిలేది శరీరం కాదు, నిర్ణయం. జంకు, వెనుకాడు, సంకోచించు అనే మాటలు సరిపోయేది ఈ అర్థానికే. గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఈ రెండవ అర్థంలో ‘ఫ్లించ్’ చాలావరకు వ్యతిరేక వాక్యాల్లోనే కనిపిస్తుంది. ‘ది గవర్నమెంట్ విల్ నాట్ ఫ్లించ్ ఫ్రమ్ టేకింగ్ టఫ్ డెసిషన్స్’ వంటి వాక్యాలు ఇంగ్లీషు పత్రికలు చదివేవారికి కొత్త కావు. ‘నెవర్ ఫ్లించ్‌ట్’, ‘డిడ్ నాట్ ఫ్లించ్’, ‘వితౌట్ ఫ్లించింగ్’ అనేవి దాదాపు స్థిరపడిపోయిన పదబంధాలు. ‘హి ఫ్లించ్‌ట్ ఫ్రమ్ హిజ్ డ్యూటీ’ అనడం వ్యాకరణం ప్రకారం సరైనదే అయినా దానిలో నింద వినిపిస్తుంది. ఎవరినైనా మెచ్చుకోవడానికి వ్యతిరేకం, తప్పుపట్టడానికి అనుకూలం అని గుర్తుంచుకుంటే చాలు.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు నగరం మునిగినప్పుడు, నీరు తీసిన తర్వాత ఇళ్ళలో మిగిలిన బురదను ఎత్తిపోయడం మరొక పెద్ద పని అయింది. ఆ సందర్భాన్ని వ్యాసంలో రాయదలచిన విద్యార్థి ‘ది వాలంటీర్స్ డిడ్ నాట్ ఫ్లించ్ ఫ్రమ్ ది డర్టియెస్ట్ వర్క్’ అని రాయవచ్చు. తెలుగులో ఇది ‘ఎంత రోత పనికైనా వాళ్ళు వెనుదీయలేదు’ అవుతుంది. హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి రాత్రి జరిగే కర్రల సమరం గురించి రాస్తూ ‘ది మెన్ డిడ్ నాట్ ఫ్లించ్ యాజ్ ది స్టిక్స్ కేమ్ డౌన్’ అంటే మాత్రం మళ్ళీ శరీరం దగ్గరికి వచ్చినట్టు. అక్కడ ‘వెనుదీయలేదు’ కంటే ‘కర్రలు మీద పడుతున్నా చెక్కుచెదరలేదు’ అన్నది మేలు. రెండు వాక్యాల్లోనూ ‘డిడ్ నాట్ ఫ్లించ్’ అనే మూడు మాటలే ఉన్నాయి. మొదటిదానిలో ‘ఫ్రమ్’ తర్వాత పని వచ్చింది, రెండవదానిలో ‘యాజ్’ తర్వాత దెబ్బ వచ్చింది. తేడా అంతా అక్కడే ఉంది.

‘వితౌట్ ఫ్లించింగ్’ అనే పదబంధానికి తెలుగులో సంపద ఎక్కువ. చూపు విషయమైతే ‘రెప్ప వాల్చకుండా’, మాట విషయమైతే ‘తడుముకోకుండా’ లేదా ‘తొణక్కుండా’, పని విషయమైతే ‘జంకు గొంకు లేకుండా’, దెబ్బ విషయమైతే ‘చెక్కుచెదరకుండా’ అనవచ్చు. ఇటువంటి జాతీయాల కోసం కొత్త నిఘంటువులతో పాటు పాతవాటిని కూడా చూడడం మంచిది. 1820లో కుంఫిణీ ఉద్యోగిగా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ జనం నోట ఉన్న మాటలను తన నిఘంటువుల్లోకి ఎక్కించుకున్నాడు. ఆయన బంగళా ఉండిన చోటనే కడపలో ఇప్పుడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం నడుస్తున్నాయి.

ఐదవ మెట్టు: ‘అన్‌ఫ్లించింగ్’

ఈ విశేషణం పత్రికల్లో తరచుగా కనిపిస్తుంది. దీనికి రెండు దారులున్నాయి. ‘అన్‌ఫ్లించింగ్ సపోర్ట్’, ‘అన్‌ఫ్లించింగ్ లాయల్టీ’ అన్నప్పుడు అర్థం అచంచలమైన, సడలని అని. ‘అన్‌ఫ్లించింగ్ లుక్’, ‘అన్‌ఫ్లించింగ్ హానెస్టీ’ అన్నప్పుడు అర్థం వేరు: అప్రియమైన దాన్ని చూడవలసివచ్చినా చూపు తిప్పుకోని అని. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురం ప్రాంతపు కరవు గురించిన ఒక కథనాన్ని ఎవరైనా ‘ఎన్ అన్‌ఫ్లించింగ్ అకౌంట్ ఆఫ్ డ్రౌట్’ అని మెచ్చుకుంటే, దాన్ని ‘కరవుకు సంబంధించిన అచంచల వర్ణన’ అని తెలుగు చేయడం హాస్యాస్పదమవుతుంది. ఎండిన బోర్లనూ, అమ్ముకున్న పశువులనూ, తాళం వేసిన ఇళ్ళనూ దేన్నీ దాచకుండా రాశారని దాని భావం. ‘కరవును ఉన్నదున్నట్టు చూపిన కథనం’ అంటే సరిపోతుంది. వర్ణించే మనిషి స్థిరత్వాన్ని చెబుతున్నారా, వర్ణనలోని నిజాన్ని చెబుతున్నారా అని ప్రశ్నించుకుంటే ఈ రెండు దారుల్లో ఏది పట్టాలో తేలిపోతుంది. ‘అన్‌ఫ్లించింగ్లీ’ అనేది దీని క్రియావిశేషణ రూపం. దాని గురించి అదనంగా చెప్పవలసినది ఏమీ లేదు.

ఆరవ మెట్టు: ఇరుగుపొరుగు మాటల నుంచి విడదీయడం

పరీక్షల్లో ఖాళీలు పూరించమన్నప్పుడు ‘ఫ్లించ్’ పక్కనే ‘విన్స్’, ‘రీకాయిల్’, ‘క్రింజ్’, ‘ష్రింక్’ అనేవి ఇస్తే అభ్యర్థులు తికమకపడతారు. వీటిని వేరు చేయడానికి నేను సూచించే కొలమానం కాలం. కదలిక దెబ్బకు ముందా, దెబ్బ సమయంలోనా, ఆ తర్వాతా అని చూడాలి.

సూది మందు వేయించుకోవడం అందరికీ అనుభవమే. సూది దగ్గరికి వస్తుండగానే చెయ్యి వెనక్కి పోతే అది ‘ఫ్లించ్’. సూది లోపలికి దిగినప్పుడు కనుబొమలు ముడిపడి, పళ్ళు బిగుసుకుంటే అది ‘విన్స్’. ‘విన్స్’ ప్రధానంగా ముఖానికి చెందినది, అది నొప్పికి గుర్తు. తగలకముందు, తగిలిన తర్వాత అన్న ఈ విభజనకు మినహాయింపులు లేకపోలేదు. తగిలిన క్షణాన ఉలిక్కిపడడాన్ని కూడా ‘ఫ్లించ్’ అంటారు. కాని రెండు మాటలూ జవాబుల్లో ఉన్నప్పుడు ఈ విభజన దాదాపు ఎల్లప్పుడూ దారి చూపుతుంది.

‘రీకాయిల్’ కదలిక పెద్దది, దూరం ఎక్కువ. పామును చూసి ఒక అడుగు వెనక్కి గెంతడం, కుళ్ళిన శవాన్ని చూసి అసహ్యంతో వెనక్కి తగ్గడం ‘రీకాయిల్’. పైగా ఇది జీవులకే కాక వస్తువులకూ చెల్లుతుంది, ‘ఫ్లించ్’ చెల్లదు. ఈ తేడా ఎన్.సి.సి. కాల్పుల శిక్షణలో తేటతెల్లంగా కనిపిస్తుంది. గుండు ముందుకు పోయినప్పుడు తుపాకి వెనక్కి తన్నడం ‘రీకాయిల్’. ఆ తన్ను, ఆ మోత రాబోతున్నాయని క్యాడెట్ ముందే కళ్ళు మూసుకుని, భుజం బిగించి, ట్రిగ్గరును కుదిపి లాగడం ‘ఫ్లించ్’. గురి తప్పడానికి తుపాకి తన్ను కంటే ఈ ఉలికిపాటే ఎక్కువ కారణమవుతుంది. దాన్ని పట్టుకోవడానికి శిక్షకులు క్యాడెట్‌కు చెప్పకుండా అసలు తూటాల మధ్య ఒక ఉత్తుత్తి తూటాను పెడతారు. తుపాకి పేలదు, తన్నదు. అయినా గొట్టం కొస కిందికి వంగుతుంది. అప్పుడు ‘ది రైఫిల్ డిడ్ నాట్ రీకాయిల్, బట్ ది క్యాడెట్ ఫ్లించ్‌ట్’ అనవచ్చు. రెండు క్రియల మధ్య తేడాకు ఇంతకంటే శుభ్రమైన వాక్యం నాకు తట్టలేదు.

‘క్రింజ్’ను ఇప్పుడు మన కుర్రకారు తెలుగు మాటలాగే వాడుతున్నారు, ‘ఆ సీను ఒట్టి క్రింజ్’ అంటే చూసేవారికే సిగ్గు కలిగించేదని. ఇంగ్లీషులో కూడా సిగ్గుతో ఒళ్ళు ముడుచుకుపోవడం దీని నేటి ముఖ్యార్థం. అధికారం ముందు వంగి వంగి నిలబడడం అనే పాత అర్థం పుస్తకాల్లో కనిపిస్తుంది. ‘ష్రింక్ ఫ్రమ్’ అనేది మాత్రం ‘ఫ్లించ్ ఫ్రమ్’కు చాలా దగ్గరిది, మానసికార్థంలో ఒకదానికి బదులు మరొకటి వాడినా పెద్ద నష్టం లేదు, కాకపోతే ‘ష్రింక్’లో ఆ రెప్పపాటు వేగం ఉండదు.

ఏడవ మెట్టు: అభ్యాసం

కింది వాక్యాలను ముందు మీరే ఇంగ్లీషులో రాసుకుని, తర్వాత నా జవాబుతో పోల్చి చూడండి.

‘బౌన్సరు హెల్మెట్ పక్కనుంచి దూసుకుపోయినా బ్యాటరు చలించలేదు.’ 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అనంతపురంలో జరిగినప్పుడు ఊరివారు దగ్గర నుంచి చూసిన స్థాయి ఆటకు తగిన వాక్యం ఇది. ‘ది బౌన్సర్ ఫ్లూ పాస్ట్ హిజ్ హెల్మెట్, బట్ ది బ్యాటర్ డిడ్ నాట్ ఫ్లించ్’ అనాలి. ‘చలించలేదు’ అన్నాం కదా అని ‘డిడ్ నాట్ మూవ్’ అంటే బంతిని తప్పించుకోలేకపోయాడనే అర్థం రావచ్చు.

‘ఆడిటరు ఎన్ని ప్రశ్నలు వేసినా ఆవిడ తొణకలేదు.’ ఇక్కడ ‘షి డిడ్ నాట్ ఫ్లించ్ అండర్ ది ఆడిటర్స్ క్వశ్చన్స్’ అనవచ్చు. ఒత్తిడి పైనుంచి పడుతున్నట్టు చెప్పేటప్పుడు ‘అండర్’ వాడతారు.

‘మొదటి విత్తనం ఎండిపోయినా రైతు మళ్ళీ వేరుశనగ వేయడానికి జంకలేదు.’ ఇక్కడ ‘డానికి’ ఉన్నది కనుక చెయ్యి ‘టు’ వైపు పోతుంది. ‘ది ఫార్మర్ డిడ్ నాట్ ఫ్లించ్ ఫ్రమ్ సోయింగ్ గ్రౌండ్‌నట్ ఎ సెకండ్ టైమ్’ అని ‘ఫ్రమ్’తోనే రాయాలి.

‘పాత అప్పు మాట ఎత్తగానే ఆయన ముఖం చిన్నబోయింది.’ దీనికి ‘హి ఫ్లించ్‌ట్ ఎట్ ది మెన్షన్ ఆఫ్ ది ఓల్డ్ లోన్’ అనీ, ‘హి విన్స్‌ట్ ఎట్ ది మెన్షన్ ఆఫ్ ది ఓల్డ్ లోన్’ అనీ రెండు విధాలుగా రాయవచ్చు. ఆ అప్పు ఇంకా తీరక, ఇప్పుడు ఏమి అడుగుతారోనని ఆయన బెదిరినట్టు మీ ఉద్దేశమైతే మొదటిది రాయండి. అప్పు ఎప్పుడో తీరిపోయి, ఆనాటి అవమానం మాత్రం గుర్తుకు వచ్చి బాధపడినట్టయితే రెండవది రాయండి.